గింజ నేరం కాదు, మొక్క నేరం: ఆటోఫ్లవర్ గంజాయి చుట్టూ అల్లుకున్న చట్టాల చిక్కు

అపార్ట్‌మెంట్ బాల్కనీలోనో, గదిలో లైట్లు పెట్టుకునో గంజాయి మొక్కలు పెంచుతూ పట్టుబడ్డారన్న వార్త వచ్చినప్పుడల్లా ఒకే రకం వాదన మొదలవుతుంది. "చట్టంలో గింజ గంజాయి కాదు, ఆకు కూడా కాదు. మరి అరెస్టు ఎలా చేస్తారు?" అని ఒకరు అడుగుతారు. "జర్మనీలో మూడు మొక్కలు పెంచుకోవచ్చట, కెనడాలో నాలుగట" అని ఇంకొకరు అందుకుంటారు. పిల్లలను చదువుకోసం పంపిన తల్లిదండ్రులకు ఈ మాటలు వింటే దడ. ఈ గొడవలోకి కొత్తగా వచ్చి చేరిన పేరు ఆటోఫ్లవర్. పగటి నిడివితో పనిలేకుండా వయసు రాగానే పూసే గంజాయి రకం అది. పొట్టిగా ఉంటుంది, రెండు మూడు నెలల్లో జీవితం ముగించేస్తుంది, గింజ రూపంలో కవర్లో పట్టేస్తుంది.

మొక్కలు ఎలా పెంచాలో చెప్పే వ్యాసం కాదు ఇది. మొక్క తీరు ఏమిటి, ఏ దేశపు చట్టం ఆ మొక్కలో దేన్ని లెక్కపెడుతోంది, ఆ లెక్కలు ఎందుకు ఒకదానితో ఒకటి పొసగవు అన్నదే ఇక్కడి విషయం. నా ఉద్దేశంలో గందరగోళమంతా ఈ లెక్కలోనే ఉంది. ఒక చట్టం భాగాన్ని చూస్తుంది, ఒకటి మొక్కల సంఖ్యను, ఒకటి బరువును, ఒకటి రసాయన శాతాన్ని. ఆటోఫ్లవర్ గింజ వీటన్నిటినీ ఒక్కసారిగా ఇరుకున పెట్టింది.

రాత్రి నిడివిని బట్టి పూసే మొక్క

మామూలు గంజాయి మొక్క ఇంటర్ బోటనీలో మనం చదువుకున్న హ్రస్వ దీప్తికాల మొక్కల జాతిది. అంటే పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడే పూతకు వస్తుంది. చామంతి కూడా ఇదే బాపతు. చామంతి తోటల్లో రాత్రిపూట బల్బులు వెలిగించి పూతను వెనక్కి జరపడం పూల రైతులకు తెలిసిన పద్ధతే. వెలుతురు పడుతున్నంత కాలం మొక్క కొమ్మలూ ఆకులూ వేసుకుంటూ పోతుంది. రాత్రి నిడివి ఒక హద్దు దాటితే తప్ప పూమొగ్గ తొడగదు.

ఆ హద్దు రకాన్ని బట్టి మారుతుంది. చల్లని దేశాల రకాలు చాలావరకు పగలు 14 గంటల కంటే తగ్గేసరికి పూత మొదలుపెడతాయి. ఇప్పుడు బెర్లిన్‌నూ విశాఖపట్నాన్నూ పక్కపక్కన పెట్టి చూద్దాం. బెర్లిన్‌లో జూన్ నెలాఖరున పగలు దాదాపు 17 గంటలు ఉంటుంది. డిసెంబరులో 8 గంటలకు కూడా తక్కువే. పగలు 14 గంటల కిందికి దిగేసరికి ఆగస్టు నెలాఖరు వస్తుంది. అప్పుడు పూసిన మొక్క పండేలోపు అక్టోబరు చలి, తేమ, బూజు మీద పడతాయి. విశాఖలో సంవత్సరమంతా చూసినా పగలు 11 గంటలకూ 13 గంటలకూ మధ్యే ఊగుతుంది. ఎండాకాలం నడిమధ్యన కూడా 13 గంటలు దాటి పెద్దగా పోదు. మన్యంలో పోలీసులు పీకేసే శీలావతి లాంటి రకాలు ఈ పగటి నిడివికి అలవాటు పడ్డవి.

ఆటోఫ్లవర్ అవసరం ఎవరికి పుట్టిందో ఈ లెక్కలోనే తెలిసిపోతుంది. అది ఉత్తరాది దేశాల వాతావరణానికి వెతుక్కున్న మార్గం. మన ఎండకూ మన పగటికీ అది తెచ్చిపెట్టే లాభం పెద్దగా లేదు. ఇక్కడ దాని ఆకర్షణ అంతా చాటుగా, చిన్న చోట, త్వరగా అయిపోతుందన్న దానిలోనే ఉంది. చట్టం దృష్టిలో అసలు సమస్య కూడా అదే.

రుడెరాలిస్ నుంచి గింజల ప్యాకెట్ దాకా

1924లో రష్యా వృక్ష శాస్త్రవేత్త యానిషెవ్‌స్కీ అక్కడి బంజరు నేలల్లో, దారుల పక్కన పెరిగే ఒక పొట్టి గంజాయి మొక్కను వర్ణించి రుడెరాలిస్ అని పేరు పెట్టాడు. మత్తు దాదాపు లేని మొక్క అది. దాని ప్రత్యేకత ఒక్కటే: రాత్రి కోసం ఎదురు చూడదు. మొలిచిన కొన్ని వారాలకు, పగలు ఎంతున్నా, వయసు వచ్చింది కనుక పూస్తుంది. పాఠ్యపుస్తకాల మాటలో తటస్థ దీప్తికాల మొక్క. వేసవి క్షణంలా గడిచిపోయే నేలల్లో పగటి లెక్కలు చూసుకుంటూ కూర్చుంటే గింజ పండదు మరి.

చాలాకాలం దీన్ని కలుపు మొక్కగానే చూశారు. మత్తున్న రకాలతో దీన్ని కలిపి, పూత గుణాన్ని మాత్రం నిలుపుకోవాలన్న ప్రయత్నాలు తర్వాత వచ్చాయి. 2000 దశకం తొలినాళ్లలో లోరైడర్ అన్న రకం మార్కెట్లోకి వచ్చాక ఆటోఫ్లవర్ అన్న పేరు స్థిరపడింది. తొలి రకాల్లో మత్తు తక్కువ. ఇప్పుడు అమ్ముడయ్యే వాటిలో ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. మూడు నుంచి ఐదు వారాల్లో పూత మొదలై, గింజ నాటిన ఎనిమిది నుంచి పన్నెండు వారాల్లో ముగిసిపోవడం వీటికి మామూలు. ఈ పదివారాల లెక్కను గుర్తుపెట్టుకోండి, జర్మనీ దగ్గర అవసరమవుతుంది.

గింజ పుడితే మొక్కకు ఏమవుతుంది

గంజాయిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మనుషుల్లో లాగే ఎక్స్, వై క్రోమోజోములు లింగాన్ని నిర్ణయిస్తాయి. పుప్పొడిని గాలి మోస్తుంది. మత్తునిచ్చే టీహెచ్‌సీ ఎక్కువగా ఉండేది ఆడపూల చుట్టూ ఉండే జిగురు గ్రంథుల్లో. పుప్పొడి తగలని ఆడ మొక్క పూలు తొడుగుతూ, జిగురు పెంచుతూ పోతుంది. పుప్పొడి తగిలిందా, మొక్క శక్తి గింజ కట్టడం వైపు మళ్లుతుంది. జిగురు తగ్గుతుంది. బ్రిటిష్ కాలంలో బెంగాల్ గంజాయి పొలాల్లో మగ మొక్కలను వెతికి పీకెయ్యడానికి ప్రత్యేకంగా మనుషులుండేవారు. వాళ్లను గంజాయి డాక్టర్లని పిలిచేవారని 1893-94 నాటి ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ కాలపు పత్రాల్లో ఉంది.

అంటే మత్తు కోసం పెంచడం, గింజ కోసం పెంచడం ఒకదానికొకటి ఎదురు పనులు. ఒకే మొక్క నుంచి రెండూ బాగా రావు. గింజలో టీహెచ్‌సీ దాదాపు ఉండదు. పైపొట్టుకు అంటుకున్న జిగురు వల్ల కొద్దిగా కనబడవచ్చు, అంతే. ఉత్తరాఖండ్ కొండల్లో భంగు గింజల చట్నీ రోజువారీ తిండి. 2021 నవంబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ హెంప్ (నార, గింజ కోసం పెంచే, మత్తు దాదాపు లేని గంజాయి) గింజనూ, దాని నూనెనూ, పిండినీ టీహెచ్‌సీ హద్దులు విధించి ఆహారంగా గుర్తించింది.

ఇంట్లో గింజ తీస్తే అది తల్లి మొక్కలాగే ఉంటుందా అన్నది తరచూ వినిపించే ప్రశ్న. ఇక్కడ మెండెల్ లెక్క పనికొస్తుంది. పగటితో నిమిత్తం లేకుండా పూసే గుణం ప్రధానంగా ఒక జన్యు స్థానంలో ఉందనీ, అది అంతర్గత గుణమనీ పరిశోధనలు చెబుతున్నాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ గుణమే వస్తే తప్ప పైకి కనబడదన్నమాట.

లెక్క వేసి చూద్దాం. ఆటోఫ్లవర్ ఆడ మొక్కకు ఆటోఫ్లవర్ మగ మొక్క పుప్పొడే తగిలితే వంద గింజలకు వందా ఆటోఫ్లవరే. అదే ఆడ మొక్కకు పక్క ఊరి హెంప్ పొలం నుంచి మామూలు రకం పుప్పొడి గాలికి కొట్టుకొచ్చి తగిలిందనుకోండి. మొదటి తరంలో వంద గింజలు నాటినా ఒక్కటీ నిజమైన ఆటోఫ్లవర్ కాదు. ఆ తరం మొక్కలను తమలో తాము కలిపితే రెండో తరంలో వందకు సుమారు 25 ఆటోఫ్లవర్లు వస్తాయి. పొడవు, వాసన, టీహెచ్‌సీ శాతం లాంటి మిగతా గుణాలు మాత్రం చాలా జన్యువుల మీద ఆధారపడతాయి. అవి ఇంకా చెల్లాచెదురవుతాయి. హైబ్రిడ్ విత్తనం దాచి మళ్లీ వేస్తే కాపు ఒకలా రాదన్నది మన రైతులందరికీ తెలిసిన సంగతే.

గాలికి వచ్చే పుప్పొడి మాట తేలిగ్గా తీసుకునేది కాదు. గంజాయి పుప్పొడి కిలోమీటర్ల దూరం పోతుంది. అమెరికాలో గింజ, నార కోసం హెంప్ వేసిన రైతులకూ, గింజలేని పూత కోసం పెంచే రైతులకూ మధ్య తగాదాలు వచ్చింది ఇందుకే. కనుక అనుమతి ఉన్న దేశంలో కూడా ఇంట్లో గింజ తీయడం పూర్తిగా ఒకరి సొంత వ్యవహారంగా మిగలదు.

మన చట్టంలో గంజాయి అంటే ఏది

మన దేశంలో మత్తుమందులను నియంత్రించే 1985 ఎన్‌డీపీఎస్ చట్టం రెండు వేర్వేరు నిర్వచనాలు ఇస్తుంది. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే సగం వాదనలు దారి తప్పుతున్నాయి.

మొదటిది గంజాయి. రెండో సెక్షన్ ప్రకారం గంజాయి అంటే మొక్క కొసల్లోని పూత లేదా కాపు. ఆ కొసలతో కలిసి లేనప్పుడు గింజలూ ఆకులూ అందులోకి రావు. జిగురు విడదీస్తే చరస్, అది వేరే. రెండోది గంజాయి మొక్క. దాని నిర్వచనం ఒక్క ముక్క: ఆ ప్రజాతికి చెందిన ఏ మొక్కయినా. ఆడా మగా, పూసిందా లేదా, మత్తుందా లేదా అన్న తేడా లేదు. ఆటోఫ్లవర్, రుడెరాలిస్, ఉత్తరాఖండ్ హెంప్, శీలావతి అన్నీ ఈ ఒక్క ముక్కలో పడతాయి.

ఇప్పుడు నేరాలు చూడండి. దగ్గర పెట్టుకోవడం, రవాణా, అమ్మకం లాంటివి గంజాయి బరువును బట్టి నడుస్తాయి. కిలో వరకు చిన్న పరిమాణం: ఏడాది దాకా జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం: 10 నుంచి 20 ఏళ్ల కఠిన శిక్ష, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. మధ్యలో ఉంటే 10 ఏళ్ల వరకు. పెంపకానికి వచ్చేసరికి 20(ఎ) సెక్షన్లో బరువు లేదు, మొక్కల సంఖ్య లేదు. గంజాయి మొక్క ఏదైనా సాగు చేస్తే 10 ఏళ్ల వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా. కుండీలో ఒక్క మొక్కయినా, కొండవాలున ఎకరమైనా సెక్షన్ అదే. తేడా చూపించే అవకాశం శిక్ష వేసే దగ్గర న్యాయమూర్తి విచక్షణలోనే ఉంది. కనీస శిక్ష లేకపోవడం ఆ విచక్షణకు చోటిస్తుంది. 33వ సెక్షన్ మాత్రం మంచి ప్రవర్తన మీద ప్రొబేషన్‌కు విడిచిపెట్టే దారిని 18 ఏళ్లు నిండినవాళ్లకు ఈ నేరంలో మూసేసింది.

గింజనూ ఆకునూ పక్కన పెట్టిన ఈ నిర్వచనం మనవాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. 1961 నాటి ఐక్యరాజ్య సమితి ఒప్పందంలోని మాటలు దాదాపు అవే. నార కోసం, గింజ కోసం చేసే సాగుకు తాను వర్తించనని ఆ ఒప్పందమే చెప్పింది. ఎన్‌డీపీఎస్ 14వ సెక్షన్ కూడా ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే పారిశ్రామిక అవసరానికి నార, గింజ కోసం సాగుకు వీలిచ్చింది. ఉత్తరాఖండ్ హెంప్ లైసెన్సులు ఆ దారిలో వచ్చినవే. ఆ అనుమతి ఉత్తర్వు ఉన్నవాళ్లకే, ఇంటి కుండీకి కాదు.

మూడు సందర్భాలు, మూడు జవాబులు

ఒక యువకుడి గదిలో రెండు ఆటోఫ్లవర్ మొక్కలున్నాయి, ఇంకా పూత రాలేదు అనుకుందాం. చట్టం చెప్పే గంజాయి అక్కడ చిటికెడు కూడా లేదు. అయినా 8వ సెక్షన్ నిషేధం మొక్కకే కనుక 20(ఎ) వర్తిస్తుంది. పైగా 54వ సెక్షన్ ప్రకారం తాను సాగుచేసిన చోట ఆ మొక్క ఉందని తేలితే, దానికి సరైన వివరణ ఇచ్చుకోవలసిన భారం నిందితుడి మీద పడుతుంది. "ఇంకా పూయలేదు కదా" అన్న వాదన నేరాన్ని తుడిచెయ్యదు. పూత వచ్చాక కోసి ఆరబెడితే ఉత్పత్తి, దగ్గర పెట్టుకోవడం అదనంగా చేరతాయి.

రెండో సందర్భం: విదేశం నుంచి పది గింజలు కవర్లో వచ్చాయి. గింజ గంజాయి కాదన్న మాట ఎన్‌డీపీఎస్ వరకు నిజం. కానీ నాటడానికి పనికొచ్చే విత్తనం దేశంలోకి రావాలంటే 2003 మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు కింద దిగుమతి అనుమతి, ఆ దేశపు పంట ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అవి లేకుండా వచ్చిన పార్శిల్‌ను కస్టమ్స్ ఆపుతుంది. గింజతో పాటు లైట్లు, కుండీలు, ఆర్డరు సంభాషణలు దొరికితే సాగు ప్రయత్నమన్న కోణం తెరుచుకుంటుంది. 28వ సెక్షన్ ప్రయత్నానికి కూడా అసలు నేరానికి ఉన్న శిక్షే చెబుతుంది. "గింజ నేరం కాదు" అన్న వాక్యం నిజమే అయినా, దాన్ని నమ్ముకుని అడుగు వేసినవాడిని అది కాపాడదు.

మూడోది కోర్టుల్లో అన్నిటికంటే ఎక్కువగా నలిగేది. ఒక సంచిలో 22 కిలోల ఎండు సరుకు పట్టుకున్నారు. పూత, ఆకు, గింజ, పుల్ల అన్నీ కలిసి ఉన్నాయి. అంతా లెక్కేస్తే 20 కిలోలు దాటింది. 37వ సెక్షన్ కింద బెయిలు దాదాపు అసాధ్యం. పూత మాత్రమే తూస్తే 9 కిలోలే వచ్చిందనుకుంటే మధ్య పరిమాణం, బెయిలుకు మామూలు కొలమానాలు. పంచనామాలో ఏది ఎంతుందో విడిగా రాయకపోతే నిందితుల తరఫు న్యాయవాదులు అక్కడే పట్టుకుంటారు. కొసలతో కలిసి ఉన్న ఆకూ గింజా కూడా గంజాయే అన్నది ప్రాసిక్యూషన్ వాదన. చట్టం మాటలు చూస్తే ఆ వాదనకు బలముంది, మినహాయింపు కలిసి లేనప్పుడే. కొసలే లేని ఆకు సరుకు అయితే ఆ బలం పోతుంది. 2022లో బాంబే హైకోర్టు ఒక బెయిలు ఉత్తర్వులో పూత కొసలు లేని ఆకు, గింజ నిర్వచనంలోకి రావన్న తేడాను గుర్తించింది. పచ్చి మొక్కలు పీకి తూచిన కేసుల్లో చిక్కు ఇంకా ముదురుతుంది. వేళ్లు, కాండం, నీటి బరువు అన్నీ ఆ తూకంలో ఉంటాయి. ఎండితే ముప్పాతిక వంతు బరువు ఆవిరైపోయే మొక్కను పచ్చిగా తూచి మనిషి స్వేచ్ఛను తేల్చడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇక హైదరాబాద్ విమానాశ్రయంలో బ్యాంకాక్ ప్రయాణికుల దగ్గర దొరికిందని చెప్పే హైడ్రోపోనిక్ గంజాయి చట్టంలో వేరే సరుకేమీ కాదు. మట్టి లేకుండా పోషకాల నీటిలో పెంచిన పూత, అంతే. థాయిలాండ్ 2022 జూన్‌లో గంజాయిని నిషేధ జాబితా నుంచి తీసేసి, 2025 జూన్‌లో పూతకు డాక్టర్ చీటీ తప్పనిసరి చేసింది. అక్కడ కొన్నది ఇక్కడ దిగగానే ఎన్‌డీపీఎస్ పరిధిలోకి వస్తుంది.

జర్మనీ మొక్కల్ని లెక్కపెట్టింది, కోతల్ని కాదు

2024 ఏప్రిల్ 1 నుంచి జర్మనీలో 18 ఏళ్లు నిండినవాళ్లు ఇంట్లో ఒకేసారి మూడు మొక్కలు పెంచుకోవచ్చు. బయట 25 గ్రాములు, ఇంట్లో ఎండినది 50 గ్రాములు దగ్గర ఉంచుకోవచ్చు. సొంత సాగు కోసం యూరోపియన్ యూనియన్ దేశాల నుంచి గింజలు తెప్పించుకోవచ్చు. జూలై 1 నుంచి 500 మంది దాకా సభ్యులుండే సాగు సంఘాలకు కూడా వీలు కల్పించారు.

అక్కడ చదివే తెలుగు విద్యార్థులకు ఈ చట్టంలో ముఖ్యమైన షరతు ఒకటుంది. కనీసం ఆరు నెలలుగా జర్మనీలో నివాసం ఉన్నవాళ్లకే ఇంటి సాగు హక్కు. నిన్న దిగి ఇవాళ కుండీ పెట్టడం కుదరదు. పిల్లలకు అందకుండా ఉంచాలి. పండించినది ఇంకొకరికి ఇవ్వడం ఉచితంగా అయినా నిషిద్ధం. ఒకే గదిలో నలుగురు స్నేహితులు పంచుకున్నా అది చట్టం దాటినట్టే.

ఆటోఫ్లవర్ దగ్గర ఈ చట్టం లెక్క ఎలా సాగుతుందో గమనించండి. ఆరుబయట మామూలు రకం వేస్తే ఏడాదికి ఒక్క కోత. పదివారాల ఆటోఫ్లవర్ గదిలో వేస్తే ఏడాదికి ఐదు కోతలు సాధ్యం. మూడు మొక్కల హద్దు ఇద్దరికీ ఒకటే, దిగుబడి మాత్రం ఎన్నో రెట్లు తేడా. ఆ తేడాను పట్టుకునేది 50 గ్రాముల హద్దు. మూడు మొక్కలు చట్టబద్ధంగా పెంచి, కోసి ఆరబెట్టాక 70 గ్రాములు తేలిందనుకోండి. 50 దాటి 60 వరకు జరిమానా నేరం, 60 దాటితే క్రిమినల్ కేసు. మొక్క చట్టబద్ధం, దాని పంట చట్టవిరుద్ధం. మిగులును నాశనం చేయడం ఒక్కటే దారి.

ఉరుగ్వే 2013 చట్టం ఇదే ప్రశ్నకు వేరే జవాబు చెప్పింది. ఇంటికి ఆరు మొక్కలు, అయితే ఏడాదికి మొత్తం 480 గ్రాములు, పేరు నమోదు తప్పనిసరి. రకం ఏదైనా, కోతలు ఎన్నయినా ఏడాది మొత్తం మారదు. ఆటోఫ్లవర్ కాలానికి ఉరుగ్వే పద్ధతే ఎక్కువ పొందికగా ఉందని నాకనిపిస్తుంది. ప్రతి ఇంటి తూకాన్ని ఎవరు చూస్తారన్నది దాని బలహీనత.

కెనడాలో గింజకు బరువుంది, పూసిన మొక్కకు వీధి లేదు

2018 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన కెనడా చట్టం ఇంటికి నాలుగు మొక్కలంది. మనిషికి కాదు, ఇంటికి. ఒకే బేస్‌మెంట్లో ఆరుగురు విద్యార్థులున్నా నాలుగే. బయట దగ్గర ఉంచుకునే హద్దు 30 గ్రాముల ఎండు గంజాయి. చట్టం అనుబంధంలో ఒక గింజను ఒక గ్రాముకు సమానం చేశారు. కాబట్టి 30 గింజలు దాటితే హద్దు దాటినట్టే, అవి చెంచాడు ఉన్నా సరే. బాగా పుప్పొడి తగిలిన ఒక్క ఆడ మొక్క వందల గింజలు కడుతుంది. అంటే ఇంటి గింజను బయటికి తీసుకుపోతే అమ్మకం సంగతి పక్కన పెట్టినా లెక్క ఇట్టే దాటిపోతుంది. అక్రమంగా వచ్చిందని తెలిసిన గింజతో సాగు చేయడం కూడా నేరమే.

మొగ్గ తొడిగిన, పూసిన మొక్కను బహిరంగ ప్రదేశంలో కలిగి ఉండకూడదన్నది ఇంకో నియమం. మామూలు రకం లేత మొక్క నెలల తరబడి పూయకుండా ఉండగలదు. ఆటోఫ్లవర్ నాలుగో వారానికే పూసేస్తుంది. ఇల్లు మారే సమయంలో కుండీని కారులో పెట్టుకున్న మనిషికి ఈ తేడా తెలియకపోవచ్చు.

రాష్ట్రాల హక్కు మీద కూడా అక్కడ పెద్ద తగవు నడిచింది. క్యూబెక్ ఇంటి సాగును పూర్తిగా నిషేధించింది. కేంద్రం నాలుగు అనుమతిస్తే రాష్ట్రం సున్నా అనవచ్చా? అనవచ్చని 2023 ఏప్రిల్‌లో కెనడా సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. కేంద్ర చట్టం శిక్షను తీసేసిందే కానీ హక్కును ఇవ్వలేదన్నది ఆ తీర్పు సారం. మానిటోబా కూడా మొదట్లో నిషేధించి, 2025లో ఎత్తేసింది.

అమెరికాలో తల్లి మొక్కను అడుగుతున్న కొత్త చట్టం

అమెరికాలో గింజ కథ మరీ విచిత్రం. 2018 ఫార్మ్ బిల్లు అనే వ్యవసాయ చట్టం ఎండు బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ (మత్తునిచ్చే ప్రధాన రూపం) 0.3 శాతం మించని ఏ భాగాన్నయినా హెంప్ అంది. గింజలో టీహెచ్‌సీ దాదాపు సున్నా కనుక, ఎంత ఘాటైన మొక్క గింజ అయినా హెంపే అవుతుందని 2022 జనవరిలో అక్కడి మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ ఒక లేఖలో ఒప్పుకుంది. విత్తన వ్యాపారం అంతా ఆ లేఖ ఆసరాతో దేశమంతా పోస్టులో తిరిగింది. 2025 నవంబరులో ఆమోదం పొందిన కేంద్ర వ్యయ చట్టం ఆ తలుపు మూసింది. మొలకెత్తగల గింజ ఏ మొక్కదో, ఆ మొక్కలో మొత్తం టీహెచ్‌సీ 0.3 శాతం దాటుతుందో లేదో చూడమంది. ఏడాది గడువు తర్వాత ఇది అమలు కావాలని అందులో రాశారు. గింజను చేతిలో పట్టుకుని ఎవరూ తల్లి మొక్క శాతం చెప్పలేరు. ఇక ముందు తగవులన్నీ ఆ రుజువు దగ్గరే రావచ్చు.

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లోనే ఎంత తేడా ఉందో చూడండి. కాలిఫోర్నియాలో ఇంటికి ఆరు మొక్కలు. న్యూజెర్సీలో దుకాణంలో కొనడం చట్టబద్ధం, ఇంట్లో ఒక్క మొక్క పెంచినా నేరం. టెక్సాస్‌లో రెండూ నేరమే. వీటన్నిటి పైన కేంద్ర చట్టం గంజాయిని ఇప్పటికీ నిషిద్ధ పదార్థంగానే చూస్తోంది. వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం కేంద్రం చేతిలోవి. రాష్ట్రంలో చట్టబద్ధమైన గంజాయి పని కూడా పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన పరీక్షలో అడ్డం రావచ్చని 2019 ఏప్రిల్‌లో వలస, పౌరసత్వ వ్యవహారాలు చూసే యూఎస్‌సీఐఎస్ స్పష్టంగా చెప్పింది. కాలిఫోర్నియా పౌరుడికి పెరటి మొక్క అయినది, పక్కింటి హెచ్1బీ ఉద్యోగికి ఇమిగ్రేషన్ ప్రశ్న కాగలదు.

ఇంటి సాగు మీద రెండు వైపుల మాట

అనుమతించాలనేవాళ్ల వాదన ఇది: ఇంట్లో రెండు మొక్కలు పెంచుకునేవాడు ముఠా దగ్గర కొనడు. ఏం కలిపారో తెలియని సరుకు తాగడు. ఒక్క మొక్కకు పదేళ్ల జైలు భయం పెడితే పోలీసుల సమయం చిన్నవాళ్ల మీద ఖర్చవుతుంది, పెద్ద వ్యాపారి తప్పించుకుంటాడు. నిషేధం ఉండాలనేవాళ్ల మాట కూడా గాలిలోంచి వచ్చింది కాదు. ఇంట్లో మొక్క అంటే ఇంట్లో పిల్లలకు అందుబాటు. టీహెచ్‌సీ శాతం ఎంతో పెంచేవాడికే తెలియదు. మిగులు పంట స్నేహితులకూ, తర్వాత బజారుకూ చేరుతుంది. ఎదుగుతున్న మెదడు మీద గంజాయి ప్రభావం గురించి వైద్యులు చేసే హెచ్చరికలు గట్టివి. జర్మనీ తన చట్టంలో 18 నుంచి 21 ఏళ్ల మధ్య వారికి సంఘాల్లో ఇచ్చే సరుకును నెలకు 30 గ్రాములకు, పది శాతం టీహెచ్‌సీకి పరిమితం చేసింది ఆ భయంతోనే.

మన దగ్గర ఈ చర్చకు ఇంకో కోణం ఉంది, అది మన్యం. ఆంధ్రా ఒడిశా సరిహద్దులో పెట్టుబడి బయటి వ్యాపారిది, మొక్క దగ్గర దొరికే మనిషి గిరిజన రైతు. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో మొక్కలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. నరికిన చేలల్లో కాఫీ, రాజ్‌మా, పసుపు వేయించే ప్రయత్నాలు జరిగాయి. నగరంలో ఆటోఫ్లవర్ కుండీ పెట్టిన ఇంజనీరుకూ, కొండమీద చేను వేసిన ఆ రైతుకూ వర్తించేది అదే 20(ఎ). ఒకరికి మంచి న్యాయవాది దొరుకుతాడు, ఒకరికి జామీను ఇచ్చే మనిషి కూడా దొరకడు.

దగ్గర పెట్టుకోవడంలో చిన్న, మధ్య, వాణిజ్య పరిమాణాలన్న మెట్లు 2001 సవరణతో వచ్చాయి. సాగుకు అలాంటి మెట్లు ఇప్పటికీ లేవు. మెట్లు పెడితే మొక్కల సంఖ్యను చూడాలా, విస్తీర్ణాన్ని చూడాలా, ఎండు పూత బరువును చూడాలా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. సంఖ్య పెడితే జర్మనీకి వచ్చిన పదివారాల చిక్కు మనకూ వస్తుంది. విస్తీర్ణం పెడితే గదిలో లైట్ల కింద పెంచేవాడు తేలిగ్గా బయటపడతాడు. బరువు పెడితే పచ్చి మొక్కను ఎప్పుడు, ఎలా తూచాలన్న పాత తగువే తిరిగి మొదలవుతుంది. నా వరకైతే, ఎండు పూత బరువును ప్రయోగశాలలో తేల్చి, దానికి సాగు వెనక డబ్బు ఎవరిదన్న ప్రశ్నను జోడించడం మిగతా వాటికంటే నయం. పంచనామా రాసే దగ్గరే పూత, ఆకు, గింజ విడివిడిగా తూచడం అలవాటైతే, చట్టం మారకముందే కోర్టుల్లో సగం వాదనలు తెగిపోతాయి.